తాత అంబాసిడర్... ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోంది?

ఇంజిన్ కట్టించి ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున చూస్తే కారు కింద అరచేయంత ఆయిల్ మరక. కొత్త ఇంజిన్ కదా, పైన ఒలికిందేమో అనుకుని తుడిచేశాను. రెండో రోజు అన్నం పళ్లెమంత. మూడో రోజు అమ్మ బయటికొచ్చి, గేటు దాకా పాకిన నల్ల చారను చూసి ఒక్కటే అడిగింది: "అరవై ఎనిమిది వేలు దీనికేనా పెట్టింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ డబ్బులో సగం నాది, సగం బాపుది. మొదటి నుంచీ బాపు అన్నది ఒకటే. "తుక్కుకు అమ్మేయ్ రా, ఇంత బాధ ఎందుకు?" అమ్మొద్దన్నది నేను.

కారు తాతది. 1984 అంబాసిడర్, మార్క్ 4, పెట్రోల్. తాత బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేశాడు. రిటైరైన పైసల్లో కొంత పెట్టి ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బోధన్‌లో మా పాత ఇంటి పక్కన రేకుల షెడ్డులో అది పదకొండేళ్లు కదలకుండా ఉంది. తాత ఇప్పుడు నిజామాబాద్‌లో మాతోనే ఉంటాడు. ఎనభై నాలుగేళ్లు, మోకాళ్లు సహకరించవు. ఏడాది కింద ఒక రాత్రి భోజనం దగ్గర, "నా బండిల నన్ను ఒక్కసారి ఫ్యాక్టరీ గేటు దాకా తీస్కపోరా" అన్నాడు. అడిగింది అంతే.

ఈ తరం వాళ్లకు ఆ ఫ్యాక్టరీ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. నిజాం కాలంలో 1937లో మొదలైంది. నిజాంసాగర్ కాలువల నీళ్లు, చుట్టూ చెరుకు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుండేది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. మా చిన్నప్పుడు చెరుకు సీజన్‌లో బోధన్ రోడ్డు మీద ట్రాక్టర్ల వెనక వేలాడి గడలు గుంజుకోవడం ఒక ఆట. ఇప్పుడు అదే రోడ్డు పక్కన వరి.

సరే, మళ్లీ ఆయిల్ దగ్గరికి.

"పాత బండి అంటే కారుతది"

ఇంజిన్ కట్టింది నిజామాబాద్‌లోనే ఒక గ్యారేజ్. పేరు చెప్పను. పని తెలియని వాళ్లేం కాదు. బోరింగ్ చేయించారు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేశారు. స్టార్ట్ చేస్తే కుట్టుమిషన్ లెక్క నడిచింది. లీకు సంగతి చెబితే మాత్రం, "అంబాసిడర్ కదా, పాత బండి అంటే కారుతది" అన్నారు.

ఈ మాట మీరు కూడా వినే ఉంటారు, బుల్లెట్ గురించో, జీపు గురించో. ఇందులో సగం నిజం ఉంది. రెండు చుక్కలు కారితే వయసు అనుకోవచ్చు. రోజుకు అన్నం పళ్లెమంత కారితే అది వయసు కాదు. డిప్‌స్టిక్ మీద రోజూ గీత కిందికి దిగుతుంటే అది జబ్బే. ఈ ఇంజిన్‌లో పట్టేదే నాలుగు లీటర్ల చిల్లర.

రెండోసారి వెళితే, "బ్యాక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలె" అన్నారు. దించారు. క్లచ్ ప్లేట్ ఆయిల్‌తో తడిసి ముద్దయి ఉంది. అదీ మార్చారు. మొత్తం ఏడు వేలు. ఏ సీల్ మార్చారని అడిగితే ఒకాయన "వెనక ప్యాకింగ్" అన్నాడు, ఇంకొకాయన "అనబాండ్ పెట్టినం" అన్నాడు. నాలుగో రోజు మళ్లీ అదే మరక. ఆ వారమే రైల్వే బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం ముందుకు పోవట్లేదు. కొత్త క్లచ్ ప్లేట్‌కి కూడా ఆయిల్ అంటుకుంది. వెనక సీట్లో తాత. వెనకాల ఆర్టీసీ బస్సు హారన్. ఆ రోజు నిజంగానే భయమేసింది.

దీనికి తోడు ఆర్‌సీ. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, బండిని తీసుకెళ్లి చూపించాలి. ఆయిల్ కారే బండిని ఏ మొహంతో చూపిస్తాం? బాపు ఏమీ అనలేదు కానీ, తుక్కు కొనేవాడి నంబర్ ఫ్రిజ్ మీద అంటించాడు.

లేని సీల్‌ను ఎవరు మారుస్తారు?

అప్పుడు నేను చేసిన మొదటి తెలివైన పని, గ్యారేజ్‌కి పోకుండా రెండు రాత్రులు ఫోన్‌లో చదువుకోవడం.

అంబాసిడర్ అసలు బ్రిటన్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని దాదాపు అరవై ఏళ్లు చేసింది, 2014 మేలో ఆపేసింది. మార్క్ 4 పెట్రోల్‌లో ఉన్న 1489 సీసీ ఇంజిన్‌ను బీఎంసీ బి-సిరీస్ అంటారు. తమాషా ఏంటంటే, 1955లో వచ్చిన ఎంజీఏ అనే ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఇదే కుటుంబం ఇంజిన్. అంటే మా ఇంటి ముందు తాత అంబాసిడర్‌కీ, లండన్‌లో ఎవరో ఆదివారం మాత్రమే బయటికి తీసే ఎర్ర స్పోర్ట్స్ కారుకీ లీకులు ఒకే చోట. దీని మీద వాళ్లు బోలెడు రాసి పెట్టారు. మనవాళ్లు చేతుల్లో పెట్టుకున్నారు, రాయలేదు.

చదువుతుంటే ఒక లైన్ దగ్గర ఆగిపోయాను. ఈ పాత మూడు బేరింగుల బి-సిరీస్ ఇంజిన్‌కు క్రాంక్ వెనకాల రబ్బరు ఆయిల్ సీల్ అనేదే లేదు!

మరి ఆయిల్ ఎలా ఆగుతుంది? క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన బోల్టుకు ఉన్నట్టు మరలు కోసి ఉంటాయి. షాఫ్ట్ తిరుగుతుంటే ఆ మరలు బయటికి పోబోయే ఆయిల్‌ను మళ్లీ లోపలికే తోస్తుంటాయి. చెరుకు రసం మిషన్‌లో పిప్పి ముందుకే పోయినట్టు, ఇక్కడ ఆయిల్ వెనక్కే వస్తుంది. ఆ మరలకూ చుట్టూ ఉన్న ఇనుముకూ మధ్య సందు ఉంటుంది. అంగుళంలో వెయ్యో వంతులు కొన్ని, అంతే. అక్కడ అడ్డంగా రబ్బరు లేదు, లెదర్ లేదు, ఏమీ లేదు. ఈ కుటుంబంలో తర్వాత వచ్చిన ఐదు బేరింగుల ఇంజిన్లకు గానీ రబ్బరు సీల్ రాలేదు.

మరి నా ఏడు వేలకు మార్చిన "బ్యాక్ సీల్" ఏది? పోనీలెండి.

ఇంకొకటి కూడా అప్పుడే అర్థమైంది. ఆన్‌లైన్‌లో అమ్మే "లీక్ స్టాప్" సీసాలు ఇక్కడ దండగ. అవి చేసేది ఎండిన రబ్బరును మెత్తబరిచి ఉబ్బించడం. రబ్బరే లేనిచోట దేన్ని ఉబ్బిస్తాయి? కార్ట్‌లో పెట్టిన సీసాను తీసేశాను.

ముందు స్నానం, తర్వాత పౌడర్

లీకు వెతకడంలో అందరం చేసే తప్పు, చుక్క పడ్డచోటే లీకు ఉందనుకోవడం. ఆయిల్ కిందికి జారుతుంది. బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పోతుంది. అంటే ముందు, పైన కారినది కూడా వెనక, కింద చుక్కై పడుతుంది. వాన ఇల్లు గుర్తు తెచ్చుకోండి. పెంకు పగిలింది ఒక మూల, నీళ్లు కారేది ఇంకో మూల దూలం కొసన. కాబట్టి తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఎక్కడుందో చూడాలి. దాన్ని సరిచేశాకే కిందికి దిగాలి.

బోధన్ రోడ్డులో ఒక చాచా ఉన్నాడు. ఒకప్పుడు ట్యాక్సీ అంబాసిడర్లే బాగు చేసేవాడు, ఇప్పుడు ఎక్కువగా ఆటోలు. నేను చెప్పిందంతా విని నవ్వాడు. "పహలే నహలావో బేటా. స్నానం చెయ్యని ఇంజిన్ల లీక్ దొరకది."

అతని షెడ్డు వెనకాలే ఒక పూట పట్టింది. డిస్ట్రిబ్యూటర్‌కు, కార్బొరేటర్ నోటికి పాలిథిన్ కవర్లు కట్టి, డీజిల్, బ్రష్షుతో ఇంజినంతా రుద్దాం. తర్వాత సబ్బు నీళ్లు, తర్వాత గాలి కొట్టి ఆరబెట్టడం. రుద్దిన మురికి డీజిల్‌ను చాచా మోరీలో పోయనియ్యలేదు, డబ్బాలో పట్టాడు. ఇంజిన్ ఆరాక అనుమానం ఉన్న అతుకులన్నిటి మీదా టాల్కం పౌడర్ చల్లాం. ఆయిల్ తగలగానే పౌడర్ నల్లబడుతుంది, దారి గీసి చూపిస్తుంది. పది రూపాయల పౌడర్ ప్యాకెట్ చేసే పని కొన్నిసార్లు పెద్ద మిషన్లు కూడా చేయవు.

ఇంకో పని నేను ఆన్‌లైన్‌లో చూసి చేశాను. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే రంగు సీసా ఒకటి, నీలం రంగు యూవీ టార్చి ఒకటి తెప్పించాను. ఆ రంగు కలిసిన ఆయిల్ చీకట్లో టార్చి పడితే పసుపుపచ్చగా మెరుస్తుంది. చాచా మొదట వెక్కిరించాడు, తర్వాత టార్చి లాక్కుని తానే చూశాడు. ఇది ఎందుకు అవసరమంటే, ఇంజిన్ వెనక గేర్‌బాక్స్ అతికిన చోట, అంటే బెల్ హౌసింగ్ లోపల, కారేది ఇంజిన్ ఆయిలా, గేర్‌బాక్స్ ఆయిలా అన్నది కంటితో తేల్చడం కష్టం. రంగు ఇంజిన్ ఆయిల్‌లోనే కలిపాం కాబట్టి, చుక్క మెరిస్తే దోషి ఇంజినే.

చుక్క మెరిసింది.

ఒకటి కాదు, మూడు

పౌడర్ వేశాక అశోక్ సాగర్ దాకా పోయి వచ్చాను, మెల్లగా. తిరిగొచ్చి బానెట్ ఎత్తితే మొదటి దారి వెంటనే దొరికింది. ఇంజిన్ నెత్తి మీద రేకు మూత, మన మెకానిక్‌లు టాపెట్ కవర్ అంటారు, దాని వెనక మూల నుంచి సన్నగా ఒక నల్ల గీత. మూత తీసి చూస్తే కింది కార్క్ ప్యాకింగ్ చిట్లి ఉంది. ఎందుకు? నట్లు మరీ గట్టిగా బిగించారు. లీకైతే ఇంకో చుట్టు బిగిద్దాం అనిపించడం మనిషి స్వభావం. కార్క్ మాత్రం నొక్కేకొద్దీ చిట్లుతుంది, రేకు వంకర పోతుంది. చాచా రేకు అంచును చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో చదును చేశాడు, కొత్త కార్క్ వేశాడు, రెండు వేళ్లతో పట్టుకున్న స్పానర్‌తో బిగించాడు. "చాలు. గిది బోరింగ్ పంపు కాదు."

రెండోది పక్కన. ఎగ్జాస్ట్ పైపుల కింద రెండు చిన్న రేకు మూతలుంటాయి, ఒక్కోదానికి నడుమ ఒకే బోల్టు. వెనక మూత కార్క్ పక్కకు జరిగి ఉంది. చెయ్యి పెట్టడానికి చోటుండదు, ఎగ్జాస్ట్ వేడికి నా మణికట్టు మీద మచ్చ ఇంకా పోలేదు. ఈ మూత లీకైతే ఆయిల్ ఇంజిన్ వెంబడి వెనక్కి జారి, సరిగ్గా బెల్ హౌసింగ్ దగ్గర చుక్కై పడుతుంది. చూసినవాడు బ్యాక్ సీల్ అని ప్రమాణం చేస్తాడు. చాలామంది ఇక్కడే మోసపోతారు. గేర్‌బాక్స్ దించే ముందు ఈ నాలుగు వందల పని చూసుకోవాలి.

ఈ రెండూ అయ్యాక మరక సగమైంది. సగం ఇంకా ఉంది.

మిగిలింది మూడోది. బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో ఒక స్ప్లిట్ పిన్ను. లోపల ఆయిల్ చేరితే బయటికి పోవాలని, రంధ్రం మట్టితో మూసుకుపోకుండా పిన్ను కదులుతూ ఉండాలని కంపెనీ వాళ్లే పెట్టారు. అంటే ఇక్కడ కాస్తో కూస్తో కారుతుందని ఇంజిన్ గీసినవాళ్లకే తెలుసు! ఆ పిన్ను కొసన చుక్క వేలాడుతోంది.

ఇప్పుడు అట్టపెట్టె పని మొదలైంది. ఫ్రిజ్ వచ్చిన అట్టను విప్పి కారు కింద పరిచాను. చక్రాల చోటు మార్కర్‌తో గీశాను, రోజూ అదే చోట ఆపాలని. ఇరవై కిలోమీటర్లు తిప్పి ఆపి, పది నిమిషాలకోసారి చుక్కలు లెక్కపెట్టాను. మొదటి అరగంటలో వరసగా. గంట తర్వాత దాదాపు ఆగిపోయింది. రెండు రోజులు స్టార్ట్ చేయకుండా వదిలేస్తే ఒక్క చుక్క లేదు.

ఈ చిన్న లెక్కలో చాలా ఉంది. నిలబెట్టిన బండి కారట్లేదు. నడిచేటప్పుడే లోపల చేరి, ఆపాక బయటికి వస్తోంది. ఇంజిన్ నడిచేటప్పుడు మాత్రమే ఆయిల్‌ను బయటికి తోస్తున్నది ఏదో ఉంది.

తాత అడిగిన ప్రశ్న

చాచా డిప్‌స్టిక్ వైపు చూశాడు. ఇంజిన్ నడుస్తుంటే అది తన చోట కూర్చోకుండా కొంచెం పైకి లేస్తోంది, దాని చుట్టూ ఆయిల్ చెమ్మ. ఆయిల్ పోసే మూత తీస్తే ఫుస్సుమంది. "బ్యాక్ కంప్రెషన్" అన్నాడు, మొహం చిన్నబోయింది.

ఆ మాట వింటే కారున్నవాడి గుండె జారుతుంది. పిస్టన్ మీద పేలిన గ్యాస్‌లో కొంత రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉన్న చాంబర్‌లోకి దిగుతుంది. అన్ని ఇంజిన్లలోనూ కొద్దిగా దిగుతుంది. రింగులు పోయినా, బోరింగ్ సరిగ్గా లేకపోయినా ఎక్కువ దిగుతుంది. అప్పుడు చాంబర్ లోపల ప్రెషర్ పెరుగుతుంది. రబ్బరు సీల్ ఉన్న ఇంజిన్ అయితే కొంత ఓర్చుకుంటుంది. మనది మరల మీద నడిచే బండి. మరలు ఆయిల్‌ను లోపలికి తోస్తుంటే, లోపలి ప్రెషర్ దాన్నే బయటికి తోస్తుంది. ప్రెషరే గెలుస్తుంది.

ముందు అది నిజమో కాదో తేల్చుకున్నాం. ఆయిల్ మూత తీసేసి, ఆ నోటికి దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కట్టి, మళ్లీ ఇరవై కిలోమీటర్లు తిప్పాను. వచ్చాక అట్ట మీద గంటలో మూడే చుక్కలు. మరలు అరిగిపోయి ఉంటే మూత తీసినా పెట్టినా కారాలి కదా? కారలేదు. అంటే మరలు బాగున్నాయి, ప్రెషరే అసలు దొంగ.

మరి ప్రెషర్ రింగుల వల్లా? నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూశాం. నాలుగూ 120 నుంచి 130 పీఎస్ఐ మధ్యే వచ్చాయి, పెద్ద తేడాల్లేవు. ఈ తక్కువ కంప్రెషన్ ఇంజిన్‌కు అది బాగానే ఉన్నట్టు. రింగులు ఇంకా పూర్తిగా సెట్ కాలేదు, అందుకు కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. కానీ ఇంత ప్రెషర్‌కు అది కారణం కాదు. చాచా తల గోక్కున్నాడు. నాకు ఫ్రిజ్ మీది నంబర్ గుర్తొచ్చింది.

ఆ రాత్రి తాతకు అంతా చెప్పాను. చెవి సరిగ్గా వినపడదు, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. తాత జీవితమంతా ఆవిరితో పని చేసినోడు. చక్కెర వండే పాన్లు, వాల్వులు, పైపులు. కాసేపు ఊరుకుని అడిగాడు:

"గ్యాస్ లోపలికి వస్తదన్నవ్ సరే. మరి ఎటు పోతది? దానికి పెట్టిన దారి ఏది?"

"అంటే?"

"వచ్చేది ఎక్కువైందా, పోయేది మూసుకపోయిందా, రెండూ చూడాలె గదరా. గాలికి తొవ్వ ఇయ్యకపోతే అది దొరికిన సందుల నుంచి పోతది. ఫ్యాక్టరీల గిదే లొల్లి ఉండె."

ఇంజిన్‌కు ఊపిరి గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటారు. నేను దాని గురించి చదివాను కూడా. కానీ వచ్చే వైపే చూస్తూ, పోయే వైపు మర్చిపోయాను.

మట్టి ఇల్లు

పొద్దున్నే చాచా దగ్గరికి పోయాం. ఈ ఇంజిన్‌కు ఊపిరి దారులు రెండు. ఒకటి పై మూత నుంచి ఎయిర్ ఫిల్టర్‌కు పోయే చిన్న రబ్బరు పైపు. రెండోది పక్కనున్న ముందు మూతకు తగిలించి నేల వైపు దిగే ఇనుప గొట్టం.

మొదటిది చూడగానే సిగ్గేసింది. ఇంజిన్ కట్టినప్పుడు పాత ఎయిర్ ఫిల్టర్ తుప్పు పట్టిందని వేరే ఫిల్టర్ పెట్టారు. దానికి ఆ పైపు తగిలించే ముక్కు లేదు. అందుకని పైపు కోసేసి, కొసన ఒక బోల్టు దూర్చి క్లిప్పు వేశారు. నేను ఆ బోల్టును ఎన్నిసార్లు చూశానో! "భలే నీట్‌గా చేశారు" అనుకున్నాను కూడా.

ఇక రెండోది. గొట్టం విప్పి చాచా నోటితో ఊదాడు. గాలి పోలేదు. కింది కొస నుంచి ఇనుప తీగ దూర్చాడు. రెండంగుళాలు పోయి ఆగింది. గట్టిగా పొడిస్తే ఎర్రమట్టి రాలింది. ఇంకా పొడిస్తే గట్టి ముద్దలు, వాటిలో ఎండిపోయిన పురుగుల పొట్టు.

మట్టి గూళ్లు కట్టే కందిరీగ! బోధన్ షెడ్డులో పదకొండేళ్లు నిలబడ్డ కారు. వేలు పట్టేంత గొట్టం, చీకటి, వాన పడదు. అంతకంటే మంచి ఇల్లు దానికి ఎక్కడ దొరుకుతుంది? ఒక ఏడు ఒకటి కట్టింది, మరుసటి ఏడు ఇంకొకటి. గ్యారేజ్‌లో బ్లాకు కడిగారు, క్రాంక్ కడిగారు, ఈ గొట్టానికి మాత్రం బయట నల్ల రంగు కొట్టి అలాగే తగిలించారు. బయటికి తళతళ.

చాచా ఆ మట్టి ముద్దను అరచేతిలో పెట్టుకుని షెడ్డులో పిల్లలందరికీ చూపించాడు. "ఏడు వేలు తిన్నది గిదీ."

గొట్టాన్ని రాత్రంతా డీజిల్‌లో నానబెట్టి, తీగతో తోమి, గాలి కొట్టాం. ఎయిర్ ఫిల్టర్‌కు చిన్న ముక్కు అతికించి కొత్త రబ్బరు పైపు వేశాం. గేర్‌బాక్స్ ఇంకోసారి దించక తప్పలేదు, తడిసిన క్లచ్ ప్లేట్ మార్చాలి కదా. అందులో చాచా సగం కూలే తీసుకున్నాడు. మొదటి గ్యారేజ్‌కు పోయి ఆ మట్టి ముద్ద చూపిద్దామా అనుకున్నాను. పోలేదు. ఏడు వేలు రావు, గొడవ మాత్రం వస్తుంది.

మీలో అంబాసిడర్ ఉన్నవాళ్లు తక్కువే ఉంటారని తెలుసు. కానీ పాత బుల్లెట్ ఉన్నవాళ్లకూ ఇదే పాఠం. బ్రీదర్ పైపు నలిగినా, మూసుకుపోయినా మంచి సీళ్ల నుంచి కూడా ఆయిల్ తన్నుకొస్తుంది. మెకానిక్ సీల్ మార్చుతాడు, నెలకు మళ్లీ కారుతుంది, మళ్లీ మార్చుతాడు. పైపు విప్పి ఒక్కసారి ఊదడానికి పైసా ఖర్చు లేదు. చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందని చెప్పేవాళ్లూ ఉంటారు. కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది, రోగం అలాగే ఉంటుంది. నేను 20డబ్ల్యూ-50 పోస్తున్నాను, అది ఈ వయసు ఇంజిన్లకు మామూలుగా వాడేదే.

బోధన్ దాకా

ఆదివారం పొద్దున ఆరున్నరకు బయల్దేరాం. ముందు సీట్లో తాత, వెనక బాపు. బాపు వస్తాడనుకోలేదు. "దారిల ఆగిపోతే తొయ్యనికి ఒక మనిషి ఉండాలె గద" అన్నాడు. రైల్వే బ్రిడ్జి ఎక్కేటప్పుడు నా చెవులన్నీ ఇంజిన్ మీదే. క్లచ్ జారలేదు. జానకంపేట, ఎడపల్లి దాటాం. స్పీడు యాభై దాటనివ్వలేదు, రింగులు సెట్ కావాలని. అలాగని ఒకే వేగంలో బుజ్జగించి నడిపినా మంచిది కాదట, అప్పుడప్పుడు కాస్త బరువు పెట్టాలి, వదలాలి. తాత డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ మీటర్‌నే చూస్తూ కూర్చున్నాడు.

శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ గేటు ఎదురుగా చెట్టు కింద ఆపాను. గేటు మూసి ఉంది. లోపల పిచ్చి చెట్లు, వాటి పైన చిమ్నీ. తాత దిగలేదు, అద్దం దించాడు. ఏ షెడ్డులో తాను పని చేసిందీ, సీజన్‌లో సైరన్ ఏ టైముకు కూసేదీ చెప్పాడు. రోడ్డు మీద పోయే ఒక ముసలాయన సైకిల్ ఆపి, కారును చూసి, తర్వాత లోపలున్న మనిషిని చూసి, "నువ్వేనా?" అన్నాడు. అక్కడ గంటన్నర అయింది.

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను కారు వెనక్కి పోయి రోడ్డు మీద బోర్లా పడుకుని కింద చూశాను. బాపు కూడా వంగి చూశాడు. పిన్ను కొసన ఒక చుక్క వేలాడుతోంది, పడట్లేదు.

ఇంటికొచ్చాక అలవాటు కొద్దీ అట్ట పరిచాను. పొద్దున లేచి చూస్తే నాలుగు చుక్కలు. బాపు మార్కర్ తీసుకుని వాటి పక్కన తారీఖు రాశాడు. ఫ్రిజ్ మీద నంబర్ ఇంకా అలాగే ఉంది, దాని మీద ఇప్పుడు కరెంటు బిల్లు అంటించి ఉంది.